ఒకే నంబరు మీద రెండు మిషన్లు

బుధవారం మధ్యాహ్నం మూడు గంటల అయిదు నిమిషాలకు గడియారం డ్రాయింగ్ మాస్టారి ఇంటి గడప దాటాడు. అప్పటికే ఇన్‌స్పెక్టర్ ముందుగదిలో కుర్చీ లాక్కుని కూర్చుని మాస్టారిని ఉతికి ఆరేస్తున్నాడు.

గడియారం అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పదకొండేళ్ళుగా ప్రైవేటు పరిశోధనలు చేస్తూ, ఎదుటివాళ్ళు నోరు తెరవడం ఆలస్యం "ఎన్నింటికి?" అని అడిగే అలవాటు వల్ల వచ్చిన బిరుదు. ఇన్‌స్పెక్టరే వెటకారానికి పెట్టాడు. గడియారం దాన్ని ఏకంగా విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకునేసరికి ఇన్‌స్పెక్టర్‌కి ఆ వెటకారం కూడా దక్కకుండా పోయింది.

విషయం ఇదీ. మాస్టారి భార్య ఒక పరుపుల గోడౌనులో సరుకు రిజిస్టర్లు రాస్తుంది. గోడౌను ఆమె సొంత అన్నగారిది. మూడు నెలల కిందట అది తగలబడింది. పక్క తలుపుకి బయటనుంచి తాళం వేసి ఉండటంతో లోపలున్న వాచ్‌మన్ తప్పించుకోలేక చనిపోయాడు. తాళం వేసింది మేనేజరని ఊరంతా అంటోంది. నేను కాదు మొర్రో అని మేనేజరు మొత్తుకుంటున్నాడు. ఆ సాయంత్రం అక్కడున్న మరో మనిషి మాస్టారి భార్య. శుక్రవారం ఉదయం పదిన్నరకు ఆమె విచారణాధికారి ముందు సాక్ష్యం చెప్పాలి. సోమవారం నుంచి ఆమె జాడ లేదు. బతికి ఉందో లేదో తెలియదు.

ఆమెను వెతికిపెట్టమని గడియారాన్ని కుదుర్చుకున్నది ఆ అన్నగారే.

"రావయ్యా గడియారం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నువ్వు వచ్చేసరికి పెళ్ళి అయిపోయింది. అయిదింటికి ఈయన్ని తీసుకెళ్తున్నాను."

"ఏ ఆధారంతో?"

ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి ఒక ఫ్యాక్స్ కాగితం తీసి బల్లమీద పరిచాడు. పొందికైన చిన్న దస్తూరీ. 'ఒంట్లో బాగాలేదు. ఇంట్లోనే ఉన్నాను. శుక్రవారం తప్పకుండా వస్తాను. ఈలోపు ఎవరూ రావద్దు.' కింద ఆమె సంతకం. పైన అంచున చిన్న అక్షరాల్లో మంగళవారం తేదీ, సాయంత్రం నాలుగూ పది, పంపిన ఫ్యాక్స్ నంబరు. అది ఈ ఇంటి నంబరే.

"నిన్న విచారణాధికారి ఆఫీసుకి వచ్చింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నిన్న మూడున్నర నుంచి అయిదున్నర దాకా ఎదురింటావిడ వరండాలో కూర్చుని కుట్టుపని చేసుకుంటోంది. ఈయన తప్ప ఈ గేటు దాటిన మనిషి లేడు. ఇంట్లో భార్య లేదని ఈయనే చెప్తున్నాడు. మరి నాలుగూ పదికి ఈ ఫ్యాక్స్ పంపిందెవరు? దెయ్యమా?"

మాస్టారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వేళ్ళకి బొగ్గు పెన్సిలు మరకలు. మనిషి పీలగా ఉన్నా మొహంలో బెదురు లేదు.

"ఆవిడని ఆఖరుసారి ఎప్పుడు చూశారు?" అడిగాడు గడియారం.

"సోమవారం పొద్దున."

"ఎన్నింటికి?"

"పదింపావుకి. నేను స్కూలుకి బయల్దేరుతుంటే."

"చేతిలో ఏముంది?"

"ఒక సంచి."

"ఎక్కడికి వెళ్తున్నానని చెప్పింది?"

"చెప్పలేదు."

"మీరు అడగలేదా?"

"లేదు."

మూడు రోజులుగా భార్య కనిపించని మనిషి, గుమ్మంలోకి ఎవరొచ్చినా 'ఏమైనా తెలిసిందా?' అని అడగాలి. ఈయన అడగలేదు. అడగడానికి మనసు రాకపోతే చంపి ఉండాలి. అడగాల్సిన అవసరమే లేకపోతే ఆమె ఎక్కడుందో తెలిసి ఉండాలి. రెండోదే నిజమని గడియారానికి అనిపించింది.

"ఇంతకీ మిమ్మల్ని పంపించిందెవరు?" అన్నాడు మాస్టారు. ఆ ఇంట్లో ఆయన వేసిన ప్రశ్న అదొక్కటే.

"మీ బావగారు. పాపం, చెల్లెలి కోసం ఆయనకి తిండీ నిద్రా లేవు. రోజూ స్టేషను చుట్టూ తిరుగుతున్నారు."

"అవును, నా గదిలో కుర్చీ అరిగిపోతోంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మాస్టారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత నోరు కుట్టేసుకున్నాడు. గడియారం మరో ఏడు ప్రశ్నలు వేశాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు, బల్ల గుద్దాడు, భార్యని చంపినవాడికి ఏ శిక్ష పడుతుందో విడమరిచి చెప్పాడు. మాస్టారు చేతులు కట్టుకుని వింటూ నిలబడ్డాడు.

ఫ్యాక్స్ మిషను పక్కగదిలో, రిజిస్టర్ల కట్టల మధ్య ఉంది. సరుకు జాబితాలు ఇంటికే వచ్చేలా ఆర్నెల్ల కిందట పెట్టించుకున్నారట. గడియారం దాని ముందు వంగి ఒక్కొక్కటే చూశాడు. పక్కన వైట్‌నర్ సీసా, మూత సరిగా పెట్టలేదు. కాగితం లోపలికి వెళ్ళే చోట గాజుపలక మీద శనగగింజలో సగమంత తెల్లటి చుక్క గడ్డకట్టి ఉంది.

"మీ నోట్‌బుక్కులోంచి ఒక కాగితం ఇస్తారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో.

"ఎందుకు?"

"ఇవ్వండి చెప్తాను. ఏమీ రాయని కాగితమే ఇవ్వండి, మీ రహస్యాలు నాకొద్దు."

ఖాళీ కాగితాన్ని మిషనులో పెట్టి నకలు తీశాడు. వచ్చిన నకలు మీద ఎడమ అంచుకి మూడు వేళ్ళ దూరంలో, పై నుంచి కింద దాకా సన్నటి నల్లగీత పడింది. ఇంకో కాగితం పెట్టాడు. అదే చోట అదే గీత.

"కాగితం ఈ చుక్క మీదుగా జారుతుంది కాబట్టి ప్రతి పేజీకీ ఈ చార పడుతుంది. ఇక్కడి నుంచి ఫ్యాక్స్ పంపినా ఇంతే. ఇప్పుడు మీ దెయ్యం రాసిన ఉత్తరం చూడండి. గీత ఉందా?"

ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. లేదు.

"చుక్క నిన్న రాత్రి పడి ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చు. అందుకే ఇదీ చూడండి." గడియారం రెండు మీటలు నొక్కాడు. మిషను తను పంపిన ఫ్యాక్సుల చిట్టా అచ్చువేసి బయటికి తోసింది. "ఆఖరుది అరవై ఒకటో నంబరు, పోయిన శనివారం. మంగళవారం ఒక్కటీ లేదు."

"తుడిచేసి ఉంటాడు."

"తుడిస్తే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఇక్కడ అరవై ఒకటి వరసగా ఉన్నాయి, మధ్యలో ఒక్క అంకె కూడా జారలేదు. ఆ ఉత్తరం ఈ ఇంటి నుంచి వెళ్ళలేదండీ. ఈయన పంపలేదు."

"మరి పైన ఈ ఇంటి నంబరు పడిందేం?"

"ఆ నంబరు టెలిఫోను తీగలోంచి ఊడిపడదు. మిషను పెట్టినప్పుడు మనిషి వేలితో కొట్టి ఎక్కించేది. మీ ఇంట్లో మిషనుకి నా నంబరు ఎక్కించినా అది నోరెత్తకుండా అదే అచ్చువేస్తుంది. ఎవరు ఎక్కించారో కనుక్కుంటే చాలు."

ఇన్‌స్పెక్టర్ మొహం మాడ్చుకున్నాడు. అలాగని మొండివాడు కాదు. వాచీ చూసుకుని, "అయిదింటిదాకా ఆగుతాను. స్టేషన్లో ఉంటాను. ఈయన్ని మాత్రం మా కానిస్టేబులు కనిపెట్టుకుని ఉంటాడు," అన్నాడు.

గడియారం వెళ్తూ మాస్టారికేసి చూశాడు. కనీసం ఒక కృతజ్ఞత చూపు ఆశించాడు. మాస్టారి మొహం అప్పటిదాకా లేనంతగా పాలిపోయి ఉంది. కానిస్టేబుల్ని దాటి రెండడుగులు ముందుకొచ్చి, "వదిలెయ్యండి," అన్నాడు నెమ్మదిగా. "నన్ను తీసుకెళ్తే తీసుకెళ్ళనివ్వండి. శుక్రవారం దాకా వదిలెయ్యండి."

ఆ మాటకి అర్థం ఏమిటో ఆలోచించడానికి గడియారం ఆగలేదు. పరుగులో ఉన్నవాడికి ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. టైము మూడూ యాభై.

మిషను వెనక అతికించిన చీటీ మీద మెకానిక్ అడ్రస్సు ఉంది. నాలుగూ పద్దెనిమిదికి గడియారం ఆ కొట్లో ఉన్నాడు. ఇరుకు గది. గోడ పొడుగునా విప్పేసిన మిషన్లు, తీగచుట్టలు, ఫ్యాక్స్ రోళ్ళు. మెకానిక్ నలభై దాటిన మనిషి. చెవి మీద స్క్రూడ్రైవరు పెట్టుకుని దాన్నే వెతుక్కుంటున్నాడు.

"చెవి మీద ఉంది," అన్నాడు గడియారం.

"ఆఁ, దొరికిందండీ. మిషను కావాలా? ఇంటికా, వ్యాపారానికా?"

"తెలుసుకుందామని వచ్చాను. ఫ్యాక్స్ నంబరు కావాలంటే మీరు ఏమేం చేస్తారు?"

తనకి తెలిసిన పని గురించి అడిగితే పొంగిపోని మనిషి ఉండడు. మెకానిక్ ఉత్సాహంగా స్టూలు మీద కూర్చున్నాడు.

"ముందు ఒక్కటే అడుగుతానండీ. ఉన్న ఫోను లైను మీదే పెట్టమంటారా, విడిగా లైను తీసుకుంటారా? ఉన్న లైనైతే ఫోనుకీ ఫ్యాక్సుకీ ఒకటే నంబరు. ఇన్ని రింగుల్లోపు మనిషి ఎత్తకపోతే మిషను అందుకుంటుందని పెడతాను. విడి లైనైతే ఆ గొడవే లేదు. తర్వాత తేదీ, టైము ఎక్కిస్తాను. పేజీ పైన పడాల్సిన నంబరు ఎక్కిస్తాను. ఆఖర్న అక్కడి నుంచి నా కొట్టుకి ఒక పేజీ పంపించి చూస్తాను. ఆ పేజీని మిషను పెట్టిన చీటీకి గుచ్చి దాస్తాను. రేపు మిషను పనిచెయ్యలేదని వస్తే, అదుగో, ఆ రోజు పనిచేసిందని చూపించడానికి."

"పేజీ పైన పడే నంబరు నిజంగా వాళ్ళదేనా అని చూస్తారా?"

మెకానిక్ తెల్లబోయాడు. "చెప్పిన నంబరు కొడతానండీ. సొంత నంబరు తప్పు చెప్పేవాళ్ళు ఉంటారా?"

"చీటీలు ఎలా సర్దుతారు?"

"నంబరు ప్రకారం."

గడియారం మాస్టారింటి నంబరు చెప్పాడు. మెకానిక్ బీరువాలోంచి పెట్టె దించి, వేళ్ళతో తిరగేసి, ఒక చీటీ లాగాడు. దాంతో పాటు ఇంకోటి వచ్చింది. రెంటి మీదా ఒకటే నంబరు.

"ఇదేమిటి?" అన్నాడు గడియారం. 

"అదాండీ. ఒకే నంబరు మీద రెండు మిషన్లు. చాలామంది పెట్టుకుంటారు, ఇంట్లో ఒకటి, పనిచేసే చోట ఒకటి. ఎక్కడి నుంచి పంపినా ఒకటే నంబరు పడితే అవతలివాళ్ళకి తికమక ఉండదు. ఈవిడా అదే చెప్పింది."

"ఈవిడా?"

"ఆ రిజిస్టర్లు రాసే అమ్మగారే. రెండూ ఆవిడవే."

మొదటి చీటీ ఆర్నెల్ల కిందటిది. రెండోది పోయిన శనివారం నాటిది, ఉదయం పదకొండూ ఇరవై. అడ్రస్సు: ఐస్ ఫ్యాక్టరీ వెనక వీధి, మూడో ఇల్లు, మేడమీద గది. విడి లైను, దాని అసలు నంబరు. పేజీ పైన పడాల్సిన నంబరు చోట ఇంటి నంబరు. గుచ్చిన కాగితం మీద నల్లగీత లేదు.

గడియారం చకచకా లెక్క కట్టుకున్నాడు. ఆమెను ఎవరూ ఎత్తుకుపోలేదు. తనే వెళ్ళి దాక్కుంది. విచారణ ఆఫీసులో ఆ ఉత్తరం చూసినవాళ్ళు ఆమె ఇంట్లోనే ఉందనుకోవాలి. మేనేజరు మనుషులకి భయపడి ఉంటుంది. మాస్టారికి అంతా తెలుసు. పెళ్ళాం చోటు చెప్పడం కన్నా జైలుకి పోవడమే నయమనుకున్నాడు. చిక్కుముడి మొత్తం గంటన్నరలోపు విడిపోయింది. అతనికి తన మీద తనకి ముచ్చటేసింది.

న్యాయంగా ముందు స్టేషనుకి ఫోను చెయ్యాలి. కానీ తెలిసిన మరుక్షణం తనకే మొదట చెప్పాలని అన్నగారు మాట తీసుకున్నాడు. పైగా ఇన్‌స్పెక్టర్‌కి ఈ వార్త అందరికన్నా ఆఖర్న తెలిస్తే ఆ రుచే వేరు. గడియారం అన్నగారి కార్డు తీసి మెకానిక్ ఫోను మీద నంబరు కొట్టాడు. సరిగ్గా నాలుగూ ముప్ఫై ఒకటి. రెండో రింగుకే అవతల ఎత్తారు.

"మీ చెల్లెలు బతికే ఉందండీ. క్షేమంగా ఉంది."

"ఎక్కడ?" అన్నాడు అన్నగారు.

గడియారం చెప్పాడు.

"ఐస్ ఫ్యాక్టరీ వెనకా? మా కొట్టు నుంచి ఎంత, నడిస్తే ఏడు నిమిషాలు. ఇంకెవరికైనా చెప్పారా?"

"ఇంకా లేదు. ముందు మీకే."

"మంచిపని చేశారు. కాసేపు ఎవరికీ చెప్పకండి. పిచ్చిపిల్ల, భయపడిపోతుంది. నేను వెళ్ళి తీసుకొస్తాను." ఫోను పెట్టేశాడు.

చీటీ తిరిగి ఇచ్చేస్తుంటే మెకానిక్, "వెనక కూడా ఉందండీ, చూడరా?" అన్నాడు.

"వెనకేముంది?"

"ఆవిడ ప్రత్యేకంగా పెట్టించుకున్నవి. రింగు అసలు మోగకూడదంది, తీసేశాను. ఫోను తగిలించొద్దంది, మిషనొక్కటే పెట్టాను. ఇంకా, ఒక నంబరు నుంచి ఏమొచ్చినా తీసుకోకూడదంది. ఈ మిషనులో ఆ సౌకర్యం ఉందండీ, వద్దనుకున్న నంబరు ఎక్కిస్తే అటు నుంచి వచ్చే పేజీని వెనక్కి కొడుతుంది. ఎవరిదని నేను అడగలేదు. కానీ రాసిస్తూ ఆవిడ రెండుసార్లు వెనక్కి తిరిగి వీధి వైపు చూసింది."

గడియారం చీటీ తిప్పాడు. 'రానివ్వకూడనిది' అని రాసి, పక్కన ఒక నంబరు.

దాన్ని పోల్చుకోవడానికి కార్డు చూడాల్సిన పని లేకపోయింది. రెండు నిమిషాల కిందట తన వేలితోనే కొట్టిన నంబరది. ఫోనుకీ ఫ్యాక్సుకీ అదొక్కటే. ఆమె భయపడింది మేనేజరుకి కాదు.

మాస్టారు వదిలెయ్యమని బతిమాలింది ఎవరి కోసమో ఇప్పుడు అర్థమైంది. అర్థమయ్యేసరికి చెయ్యగలిగినంత చెడు చేసేశాడు. పదకొండేళ్ళలో ఇంత సిగ్గుపడిన రోజు లేదు, ఇంత భయపడిన రోజూ లేదు.

నాలుగూ ముప్ఫై నాలుగుకి స్టేషనుకి ఫోను చేశాడు.

"చెప్పవయ్యా, ఓడిపోయావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తప్పు చేశాను. ఆవిడ బతికుంది. ఎక్కడుందో ఆ అన్నగారికి చెప్పేశాను. ఆవిడ దాక్కున్నది ఆయన నుంచే."

ఎత్తిపొడుపు వస్తుందని కాచుకున్నాడు. రాలేదు. "అడ్రస్సు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. విన్నాక, "జీపులో ఇరవై అయిదు నిమిషాలు. ఇప్పుడే బయల్దేరుతున్నాం," అని పెట్టేశాడు.

ఇరవై అయిదంటే నాలుగూ యాభై తొమ్మిది. అన్నగారికి ఏడు చాలు. ఈ కొట్టు నుంచి బండి మీద వెళ్ళినా ముప్పావుగంట. అక్కడ మోగే ఫోను లేదు. ఉన్నది ఫ్యాక్స్ ఒక్కటే.

గడియారం బల్లమీద కాగితం లాక్కుని పెద్ద అక్షరాలతో రాశాడు. 'మీరున్న చోటు మీ అన్నయ్యకి తెలిసింది. చెప్పింది నేనే. వెంటనే బయటికి వెళ్ళిపోండి. పోలీసులు వస్తున్నారు.' మెకానిక్ దాన్ని తీసుకుని మిషనులో పెట్టి, లైను అసలు నంబరు కొట్టాడు. నాలుగూ ముప్ఫై ఆరుకి పేజీ వెళ్ళింది.

"అందిందండీ," అన్నాడు మెకానిక్.

"ఆవిడ చూసిందా?"

"అది మిషనుకి తెలీదు."

ఇద్దరూ మిషను ముందే నిలబడ్డారు. నాలుగూ ముప్ఫై తొమ్మిదికి రింగు మోగింది. కాగితం కదిలింది. పైన అంచున మాస్టారింటి నంబరు పడింది. కింద అదే పొందికైన దస్తూరీ. ఈసారి అక్షరాలు కాస్త ఏటవాలుగా ఉన్నాయి.

'మీ కాగితం చూశాను. అన్నయ్య కింద తలుపు బాదుతున్నాడు. దిగడానికి ఇంకో దారి లేదు. శుక్రవారం చెప్పాలని రాసి పెట్టుకున్నది పంపిస్తున్నాను. ఆరు పేజీలు. మీరెవరో నాకు తెలియదు. విచారణాధికారికి చేర్చండి.'

మొదటి పేజీ వచ్చింది. గడియారం అది పూర్తిగా బయటికి రాకముందే చదవడం మొదలుపెట్టాడు. 'ఆ సాయంత్రం ఆరూ ఇరవైకి పక్క తలుపుకి తాళం వేసింది మేనేజరు కాదు, మా అన్నయ్య. తాళంచెవి జేబులో వేసుకోవడం నేను చూశాను. లోపల వాచ్‌మన్ ఉన్నాడని అరిచాను. అన్నయ్య వెనక్కి తిరిగి నాకేసి చూశాడు. విన్నాడు. అయినా వెళ్ళిపోయాడు.'

రెండో పేజీ నాలుగూ నలభై ఒకటికి వచ్చింది. మూడోది నలభై రెండుకి. మెకానిక్ ఒక్కోదాన్నీ రెండు చేతులతో అందుకుని, ముడత పడకుండా బల్లమీద వరసగా పెట్టాడు. నాలుగో పేజీ మొదలైంది. సగం దాకా వచ్చింది. ఒక వాక్యం మధ్యలో, అక్షరాల కింది భాగం అచ్చు పడకుండానే ఆగింది. మిషను రెండుసార్లు కీచుమని ఊరుకుంది.

మెకానిక్ మూత ఎత్తి లోపలికి చూశాడు. తీగ లాగి చూశాడు. రిసీవరు చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"కాగితం రోలు నిండుగా ఉందండీ," అన్నాడు. "మన లైను బాగానే ఉంది. ఆగింది అటువైపే."

గడియారం వాచీ చూసుకున్నాడు. నాలుగూ నలభై మూడు. జీపు అక్కడికి చేరడానికి ఇంకా పదహారు నిమిషాలుంది.